చప్పుడు రాని చప్పట్లు

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదుగా పోతున్నప్పుడు నేను మా పాత ఆఫీసున్న వైపు చూడను. ఆటో అటు మళ్లితే కొంగు సర్దుకుని ఇటు తిరిగి కూర్చుంటాను. రిటైరయ్యాక కూడా ఏం కోపం అత్తమ్మా అని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. బీపీకి మాత్రలు వేసుకుంటున్నాను గానీ ఈ కోపానికి వేసుకోలేదు, వేసుకోను కూడా.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలిద్దరు ఇంటికొచ్చారు. తనిఖీకి వెళ్లినప్పుడు ఏమేం చూడాలో చెప్పమన్నారు. చాయ్ ఇచ్చి, రూల్స్‌లో ఉన్నవన్నీ చెప్పి పంపించాను. వాళ్లు గేటు దాటాక గానీ తట్టలేదు, అసలు చెప్పాల్సిన ముక్క నా నోట్లోనే ఉండిపోయిందని. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. రాస్తే కొందరు పెద్దమనుషులకు ఉత్తపుణ్యానికి ప్రచారం దొరుకుతుంది, కొందరు పేదవాళ్లకు ఉన్న పని ఊడుతుంది.

మాది బస్తీల్లో, ఊళ్లలో ఆడి పాడే బృందాలకు సర్కారు ఇచ్చే గ్రాంటు చూసే ఆఫీసు. నేను అక్కడ సూపరింటెండెంట్‌ని. బృందాలు దరఖాస్తు పెట్టుకుంటాయి. మేం వెళ్లి ప్రదర్శన చూసి, ఫోటోలు తీసుకొచ్చి రిపోర్టు రాస్తాం. ఆ తర్వాత కమిటీ కూర్చుని ఎవరికివ్వాలో తేలుస్తుంది. ఒకప్పుడు ఒకే డప్పుల బృందం నాలుగు పేర్లతో వచ్చి నాలుగు గ్రాంట్లు పట్టుకుపోయేది. అది ఆపడానికి ఒక రూలు పెట్టారు. ఒక కళాకారుడు ఒక సంస్థ లెక్కలోనే ఉండాలి, రెండో చోట కనిపిస్తే ఆ రెండో దరఖాస్తు చెల్లదు. ఆ రూలు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. ఆ రూలే నా మొహాన కొడుతుందని అప్పుడేం తెలుసు.

ఆ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో కృష్ణానగర్ నుంచి ఒకటి ఉంది. సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులు కలిసి పెట్టుకున్న నాటక బృందం. నడిపేది కోస్తా నుంచి చిన్నప్పుడే సినిమాల కోసం వచ్చి, హీరోయిన్ పెళ్లిలో అక్షింతలు వేసే ముత్తైదువగా, ఆసుపత్రి సీన్లో ఏడ్చే చుట్టంగా వయసంతా గడిపేసిన ఒకావిడ. ఆ గల్లీలో ముసలీ ముతకా అందరికీ ఆమె పిన్నే. నేనూ పిన్ని అనే రాస్తాను.

ఒక ఆదివారం పొద్దున మా సారు, నేను, మా ఫోటోగ్రాఫర్ తనిఖీకి వెళ్లాం. సారంటే మా ఆఫీసరు. పాత ఇనప సామాన్ల కొట్టు వెనక రేకుల షెడ్డు. లోపల స్టేజీ లేదు, కర్టెన్ లేదు, కింద టార్పాలిన్ పరదాలు పరిచారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, ఇస్త్రీ బండి ఆయన, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు, సందులోని పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చున్నారు. కొత్తగా బస్సు దిగిన అమ్మాయిని వేషం ఇప్పిస్తానని ఒక ఏజెంటు ఎట్లా ముంచుతాడో, అదీ ఆ రోజు నాటకం. ఏజెంటు వేషం వేసినాయన ఆ అమ్మాయి చెవి కమ్మలు అడుగుతుంటే, జనంలోంచి ఒకావిడ లేచి, నాయి సుత గిట్లనే తీస్కపోయిండు, వీన్ని ఇడువొద్దు అని మీదికే పోయింది. నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ తర్వాత కొట్టిన చప్పట్లకు పైన రేకులు అదిరాయి. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు, కొంగుతో కళ్లు తుడుచుకోవడం మాత్రం గుర్తుంది.

మా సారు ఫోను చూసుకుంటూ కూర్చుని చివర్లో రెండే రెండు అడిగారు. "ఏంటండీ, బ్యానర్ లేదా? చీఫ్ గెస్ట్ ఎవరూ రాలేదా?"

చాయ్ తాగుతుంటే పిన్ని వాళ్ల బృందం కట్టుబాటు చెప్పింది. ఇక్కడ మాట లేని వేషం ఉండదు. ఎంత చిన్న పాత్రకైనా ఒక డైలాగు ఇచ్చి తీరాలి. సినిమాల్లో ఏళ్ల తరబడి నోరు కదిపి గొంతు రాని మనుషులు వీళ్లు. ఎందుకంటే హీరో మాట్లాడుతున్నప్పుడు వెనక గుంపు చప్పుడు చేస్తే ఆయన మాట రికార్డు కాదట. అందుకని మాట్లాడుకుంటున్నట్టు పెదాలు కదుపుతారు, అంతే. చప్పట్లు కూడా అంతేనట, చేతులు దగ్గరకొస్తాయి గానీ తాకవు, చప్పుడు తర్వాత కంపెనీ వాళ్లు కలుపుకుంటారు. పిన్ని చేసి చూపించింది. చూస్తే ఎంత గట్టిగా కొడుతోందో అనిపిస్తుంది, చెవికి ఏమీ రాదు. పిల్లలంతా అట్లా కొడుతూ విరగబడి నవ్వారు. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఈ అలవాటు మాన్పించడానికే తల ప్రాణం తోకకొస్తుందండీ అంది పిన్ని.

వాళ్ల అవసరం కూడా చెప్పింది. షెడ్డు యజమాని దాన్ని హాస్టల్ మెస్‌కు ఇచ్చేద్దామనుకుంటున్నాడు. ఏడాది అద్దె ముందే కడితే వీళ్లకే ఉంచుతానన్నాడు. గ్రాంటు వస్తే షెడ్డు ఉంటుంది, లేకపోతే పోతుంది. ఇది వస్తుందని నేను లోపల అనేసుకున్నాను. ఇట్లాంటివాళ్లకు కాకపోతే ఇంకెవరికిస్తాం?

తర్వాతి వారం అమీర్‌పేటలో ఇంకో తనిఖీ. ఒక సాంస్కృతిక సంస్థ. కోచింగ్ సెంటర్ పైన వాళ్లకో గది, గది బయట నా కంటే ఎత్తు బోర్డు. అధ్యక్షుడు గంజి పెట్టిన తెల్ల బట్టల్లో, జరీ కండువాతో మెట్ల దగ్గరే ఎదురొచ్చి మా సారుకు శాలువా కప్పాడు. జానపద నృత్యాల్లో బస్తీ ఆడవాళ్లకు శిక్షణ ఇస్తున్నామని, ఇవాళ వాళ్ల ప్రదర్శనని చెప్పి పక్కనే ఫంక్షన్ హాలుకు తీసుకెళ్లాడు. గుమ్మం నుంచి స్టేజీ దాకా ఫ్లెక్సీలే. మా సారు మొహం వెలిగిపోయింది.

మా నాయన నేత ఊరి నుంచి వచ్చి అమీర్‌పేటలోనే టైలరింగ్ షాపు పెట్టుకున్నాడు. కుట్టు మిషన్ పక్కన హోంవర్కు చేసుకుంటూ పెరిగినదాన్ని. స్టేజీ మీదికి ఆడవాళ్లు రాగానే నా కళ్లు జాకెట్ల మీదికే పోయాయి. అన్నీ ఒకే కొలత. సన్నటి వాళ్లకు వెనక పిన్నీసులు, లావు వాళ్లకు చంకల దగ్గర పిగిలి కనిపిస్తున్నాయి. అద్దె బట్టలు. సరే, పేద బృందాలు అద్దెకు తెచ్చుకోవా అని ఊరుకున్నాను. కోలాటం మొదలైంది. కర్ర కర్రకు తగలట్లేదు. సరే, ఇంకా నేర్చుకుంటున్నారేమోనని ఊరుకున్నాను. మా ఫోటోగ్రాఫర్ కెమెరా ఎత్తగానే మాత్రం ఒక్కరి మొహం ఇంకొకరికి అడ్డం రాకుండా అందరూ చకచకా సర్దుకున్నారు. అప్పుడు మొదటిసారి అనుమానం తగిలింది.

అధ్యక్షుడు మైకు తీసుకుని కళాసేవ గురించి మొదలుపెట్టాడు. ఆయన ఆగిన చోటల్లా హాలు నిండా జనం చప్పట్లు కొడుతున్నారు. నేను నోట్సు రాసుకుంటూ తల వంచుకుని ఉన్నాను. రాస్తుంటే ఏదో తేడాగా ఉంది, ఏమిటో తెలియట్లేదు. తలెత్తి చూశాను. వందలాది చేతులు ఊగుతున్నాయి. హాల్లో ఆయన గొంతు, పైన ఫ్యాను తప్ప ఇంకో చప్పుడు లేదు.

వెనక్కి తిరిగి వరసలన్నీ చూశాను. మూడో వరసలో పిన్ని కూర్చుని ఉంది, పట్టుచీర, తల్లో పూలు. నన్ను చూడగానే తల దించేసుకుంది. స్టేజీ మీది కోలాటంలో ఉన్న ఇద్దరమ్మాయిలు కూడా షెడ్డులో చూసినవాళ్లేనని అప్పుడు పోల్చుకున్నాను. మాట్లాడుతున్నవాడు మైకు పట్టుకున్న పెద్దమనిషి కదా, వాళ్ల ప్రాణానికి అలవాటైన పని వాళ్లు చేసేస్తున్నారు. డబ్బిచ్చి తెచ్చినవాడికి ఆ తేడా తెలిసే చెవి లేదు, వాడి చెవి నిండా వాడి గొంతే.

బయట మెట్ల మీద పిన్ని పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "షూటింగ్ అన్నారండీ మేడంగారూ. గవర్నమెంటు డాక్యుమెంటరీ అని ఏజెంటు పొద్దున్నే మేం పని కోసం నిలబడే అడ్డా మీదకి వ్యాన్ పంపాడు, ఎక్కేశాం. పెద్ద కెమెరా ఏదీ అని మేమూ వెతుక్కున్నాం. మిమ్మల్ని చూశాకే అర్థమైంది. మా గ్రాంటుకి ఏమన్నా ఇబ్బందాండీ?"

"ఏం ఫికర్ చెయ్యకు పిన్నీ," అన్నాను. "తప్పు నీది కాదు గద. తెచ్చినోనిది."

ఆ మాట మీద నాకు అప్పుడు పూర్తి నమ్మకం. ఆఫీసుకొచ్చి రిపోర్టు రాశాను. అమీర్‌పేట సంస్థ కిరాయి మనుషులను తెచ్చి కళాకారులని, ప్రేక్షకులని చూపించిందని, ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ జనం సినిమా పద్ధతిలో చప్పుడు లేకుండా చప్పట్లు కొట్టారని, గ్రాంటు ఇవ్వకూడదని రాశాను. కృష్ణానగర్ బృందానికి తప్పక ఇవ్వాలని రాశాను. సారు చదివి కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఏంటండీ ఇది? చప్పట్లకి చప్పుడు రాలేదని ఫైల్లో రాస్తారా ఎవరన్నా?"

విన్నదే రాశానన్నాను. వినపడనిది కదండీ రాశారు అని ఆయన నవ్వారు. పక్క సీట్లవాళ్లు కూడా నవ్వారు. ఆ మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా నన్ను చూసి చేతులు తాకకుండా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. లిఫ్టు దగ్గర, క్యాంటీన్లో, ఎక్కడ పడితే అక్కడ. మా అటెండర్ ఒక్కడే నవ్వలేదు. మేడం, గా అధ్యక్షుడు పెద్ద మనిషి తాలూకట, జర పైలంగ ఉండుండ్రి అని చెవిలో చెప్పి పోయాడు.

కమిటీ కూర్చున్న రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. గోడ మీద తెర వేసి తనిఖీ ఫోటోలు చూపిస్తున్నారు. కమిటీలో ఒక పండితుడు ఉండేవాడు, సంస్కృతి గురించి టీవీలో రోజూ మాట్లాడే మనిషి. కృష్ణానగర్ ఫోటో పడగానే ఆగమన్నాడు. అమీర్‌పేట ఫోటో దాని పక్కనే వేయించాడు. అవే మొహాలు. ఒక కళాకారుడు రెండు సంస్థల్లో ఉండకూడదు కదా అన్నాడు. సారు వెంటనే రూలు చదివారు. అమీర్‌పేట దరఖాస్తు ముందు అందింది కాబట్టి ఆ కళాకారులు ఆ సంస్థవాళ్లే. వెనక అందిన కృష్ణానగర్ దరఖాస్తు చెల్లదు. అంటే పిన్ని తన మనుషుల్ని తానే దొంగిలించినట్టు లెక్క తేలింది.

నేను లేచాను. కమిటీలో సూపరింటెండెంట్లు మాట్లాడే ఆనవాయితీ లేదు. మాకు ఫైళ్లు అందించడమే పని. కోపమొస్తే నాకు పుస్తకాల తెలుగు రాదు, మా ఇంటి తెలుగే వస్తుంది.

"సార్, దొంగలను పట్టుకునేటందుకు రాసుకున్న రూలు ఇది. దాంతోని సొమ్ము పోయినోళ్లను పట్టుకుంటున్నరు మీరు."

కూర్చోండి మేడం అన్నారు. కూర్చోలేదు. పిన్నిని పిలిపించి వివరణ తీసుకుందాం అన్నాడు పండితుడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఫోన్ చేశాం. ఆమె మెట్రో దిగి ఎండలో నడుచుకుంటూ వచ్చింది. కుర్చీ ఇవ్వలేదు. నేను లేచి నా కుర్చీ జరిపితే, పర్వాలేదండీ, నిలబడ్డం మాకు అలవాటే అంది.

పండితుడు అడిగాడు, ఇక్కడ నటివి, అక్కడ నర్తకుల సంస్థ మనిషివి, ప్రభుత్వాన్ని మోసం చేయడం కాదా అమ్మా ఇది అని. ఆమె గొంతు పెంచలేదు. షెడ్డులో అందరికీ మాట నేర్పే మనిషి, ఒక్కో మాటా విడివిడిగా పలికింది.

"ఎవరు పిలిస్తే వాళ్ల గుంపులో నిలబడ్డం మా కూలి పనండి. పిలిచినాయన ఎవరో మీ అందరికీ తెలుసు. ఆయన్ని ఈ గదిలోకి ఎందుకు పిలవలేదండీ?"

సారు గ్లాసులో నీళ్లు తాగారు. పండితుడు ఫోను తిరగేసి పెట్టి, అడిగినదానికి మాత్రమే చెప్పమ్మా అన్నాడు. ఇంకేం అడగలేదు గానీ. ఆమెను పంపించేసి, రెండు నిమిషాల్లో అమీర్‌పేటకు మంజూరు, కృష్ణానగర్‌కు తిరస్కారం అని రాసేశారు. నేను నా అభ్యంతరం ఫైల్లో రాసి సంతకం పెట్టాను. పై అధికారికి వేరేగా కూడా రాశాను. పరిశీలించడమైనది అని ఒక ముక్క జవాబు వచ్చింది. ఏం పరిశీలించారో, ఎవరు పరిశీలించారో ఇప్పటికీ నాకు తెలియదు. రిటైర్మెంట్ దగ్గరపడింది, ఎందుకండీ మీకీ తలనొప్పి అని సారు నన్ను సముదాయించారు. ఆ సముదాయింపుకే నాకు ఎక్కువ మండింది. తిట్టినా ఇంత బాధపడేదాన్ని కాదు.

షెడ్డు పోయింది. నేను వెళ్లేసరికి మెస్ వాళ్లు గోడలకు సున్నం వేస్తున్నారు, మూలన గ్రైండరు దింపారు. పిన్ని బయట అరుగు మీద కూర్చుని పరదాలు మడతపెడుతోంది. ఆదివారం ఎక్కడ ఆడతారు పిన్నీ అని అడిగితే, చూద్దామండీ అంది. గుంపు చెదిరిపోతే కొత్తగా వచ్చిన పిల్లలు మళ్లీ నోరు కదపడానికే అలవాటు పడిపోతారు, అదే నా బెంగ అంది. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు నేను. మా ఇంట్లోవాళ్లు ఆఫీసులో ఏం జరిగిందని అడిగితే, నా ఖర్మ జరిగిందని అరిచాను.

ఆ తర్వాత గ్రాంటు చెక్కులు పంచే సభ వచ్చింది. పెద్ద ఆడిటోరియం, పెద్ద అతిథి. పని రోజు మధ్యాహ్నం, జనం ఎక్కడి నుంచి వస్తారు? హాలు ఖాళీగా కనబడితే అతిథికి కోపమొస్తుందని సారుకు రెండు రోజులు నిద్ర లేదు. ఏర్పాట్లు చూసే కాంట్రాక్టరు మాత్రం, ఏం టెన్షన్ వద్దు సార్, మస్తు జనం వస్తరు అని అభయమిచ్చాడు. సభ రోజు నేను గేటు దగ్గర నిలబడి ఉండగా కృష్ణానగర్ నుంచి వ్యాన్లు వచ్చి ఆగాయి. పిన్ని చెప్పిన ఏజెంటే కాబోలు, ఒకడు ముందు దిగాడు. వాడి వెనక వరసగా పట్టుచీరలు, పూలు, ఇస్త్రీ చొక్కాలు.

పిన్ని దిగింది. నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది, దాచను. నీకు గిదేం ఖర్మ పిన్నీ, వీళ్లకు చప్పట్లు కొట్టనీకి వచ్చినవా అన్నాను. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, పిలిచారండీ, వచ్చాం, కూలి కూలే కదండీ అంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది.

"మీరు ముందు వరసలో కూర్చోకండి మేడంగారూ. స్టేజీ పక్కన, సారు దగ్గర నిలబడండి. అక్కడైతే బాగా తెలుస్తది."

ఏం తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. అయినా చెక్కుల ఫోల్డర్లు అందించే పని నాదే కాబట్టి స్టేజీ పక్కనే సారు వెనక నిలబడ్డాను. మొదట ఒక ఊరి డప్పుల బృందానికి చెక్కు ఇచ్చారు. హాలు మారుమోగిపోయింది. ఈలలు కూడా వేశారు. తర్వాత ఒక గుడ్డివాళ్ల భజన బృందం వచ్చింది. ఇంకా ఎక్కువ చప్పట్లు. సారు సంతోషంగా కాంట్రాక్టరు వైపు చూసి తల ఊపారు.

అప్పుడు అమీర్‌పేట సంస్థ పేరు పిలిచారు. అధ్యక్షుడు కొత్త కండువాతో స్టేజీ ఎక్కి, రెండు చేతులూ ఎత్తి జనానికి దండం పెట్టాడు. హాలు నిండా చేతులు లేచాయి. మొహాల నిండా నవ్వులు, ఊగుతున్న తలలు, వెనక వరసలవాళ్లయితే లేచి నిలబడి మరీ కొడుతున్నారు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అధ్యక్షుడి దండం గాల్లోనే ఆగిపోయింది. అతిథి చెక్కు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. మొదటి వరసలో పండితుడు ఒక్కడే గట్టిగా చప్పట్లు కొట్టి, తన చప్పుడు తనకే వినపడి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మూడో వరసలో పిన్ని నన్నే చూస్తోంది. ఈసారి తల దించలేదు.

సారు నా వైపు వంగారు. మొహాన చెమట. "ఏంటండీ, చప్పట్లు వినపడట్లేదేంటి? మైకులేమన్నా పోయినయ్యా?"

"మైకులు మంచిగనే ఉన్నయి సార్," అన్నాను. "గదే నేను ఫైల్ల రాసిన."